ఆ గుడ్డ మీది రాత మా నాయనది... చెప్పాలా, గమ్మునుండాలా?

తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఉత్తరం ఇది. పేరు వేయొద్దంది. చాలా పెద్ద ఉత్తరం, రాసి కొట్టేసినవి కూడా ఉన్నాయి. అందుకే సారాంశం ఇస్తున్నాను.

సొంతూరు శ్రీకాళహస్తి. నాయన కలంకారీ పనివాడు. ఇంటి వసారాలో ఎప్పుడు చూసినా దండేల మీద గుడ్డలు, కరక్కాయ, గేదెపాలు కలిసిన వాసన. ఈ అమ్మాయి తిరుపతిలో హాస్టల్లో ఉంటుంది. కాలేజీలో చేరిన కొత్తలో ఎవరో "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే "టెక్స్‌టైల్ బిజినెస్" అంది. పూర్తిగా అబద్ధం కాదులే అని సర్దిచెప్పుకుంది. ఆ మాటే ఇప్పటికీ నడుస్తోంది.

ఈమధ్య కాలేజీ వాళ్లు పక్క రాష్ట్రంలోని ఒక పెద్ద నగరానికి టూర్ తీసుకెళ్లారు. అందులో ఒక పూట సమకాలీన కళల మ్యూజియం. ఒక గదిలో నేలంతా ఇసుక పోసి మధ్యలో కుర్చీ పెట్టారట. ఇంకో గదిలో టీవీ తెర మీద ఒకావిడ గిన్నె తోముతూనే ఉందట. పిల్లలు నవ్వుకున్నారు, సెల్ఫీలు దిగారు. మూడో గదిలో ఎత్తుగా వేలాడదీసిన పెద్ద గుడ్డ. అక్కడక్కడా మాత్రమే రంగులు, మిగతాదంతా నల్ల గీతలు. మధ్యకు చీల్చి మళ్లీ ఎర్రదారంతో కుట్టారు. పక్కన అట్ట మీద ఆర్టిస్టు పేరు, పుట్టిన సంవత్సరం, కింద "నూలు గుడ్డ, సహజ రంగులు, దారం". అంతే.

తర్వాతి సంగతి ఆ అమ్మాయి మాటల్లోనే: "గుడ్డ అంచున తెలుగు అక్షరాలున్నాయి, తలకిందులుగా. అందరూ డిజైన్ అనుకున్నారు. నేను తల వంచి చదివాను. 'తిన్నడు కన్ను పెరికి' అని ఉంది, అక్కడికి కత్తిరించేశారు. ఆ రాత మా నాయనది సార్. 'న్న' రాసేటప్పుడు వత్తును తోకలాగా పక్కకు లాగుతాడు. చిన్నప్పుడు నా నోటుబుక్కుల అట్టల మీద పేరు రాసిచ్చింది ఆయనే. నాకు కాళ్లు ఆడలేదు."

పక్కనున్న స్నేహితురాలు "ఇలాంటివి మీ ఊర్లో గుడి బయట అమ్ముతారు కదే" అంది. ఇంకొకామె "అవి చీప్, ఇది ఆర్ట్" అంది. ఈ అమ్మాయి కూడా వాళ్లతో కలిసి నవ్వేసింది. ఆ ఆదివారం ఇంటికి పోతే నాయన "ఏం చూసినావు మా?" అని అడిగాడు. "ఏముంది నాయనా, అన్నీ పిచ్చి గీతలే" అని చెప్పింది. ఆయన నవ్వి మళ్లీ పనిలో పడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది: అంతకుముందెప్పుడో షావుకారు ద్వారా ఒక ఆర్డరు వచ్చింది, బొమ్మలు సగంలో ఆపేయాలట. "సగం పనికి పూర్తి డబ్బులంట, బాగుంది" అని ఆయన తమాషా చేశాడు.

అక్కకు చెబితే "గమ్మునుండు. షావుకారుకు తెలిస్తే నాయనకు ఆర్డర్లు ఆగిపోతాయి" అంది. ఇటు కాలేజీలో మ్యూజియంలో చూసిన ఏదైనా ఒక కళాఖండం మీద నాలుగు పేజీల రిపోర్టు రాయాలి, పది నిమిషాలు క్లాసులో మాట్లాడాలి. "వేరే దాని మీద రాద్దామని కూర్చుంటాను, పెన్ను కదలదు. దీని మీద రాస్తే మా నాయన సంగతి బయటపడుతుంది, నేను చెప్పిన అబద్ధం బయటపడుతుంది. రాయకపోతే నిద్ర పట్టడం లేదు. మ్యూజియం వాళ్లకు మెయిల్ పెట్టాలా? నాయనకు చెప్పాలా? ఏది ముందు?"

తల్లీ, నీ వయసును బట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇందులో మూడు సంగతులు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. ఆ అట్ట మీద మీ నాయన పేరు లేకపోవడం ఒకటి. స్నేహితులకు నువ్వు చెప్పిన టెక్స్‌టైల్ బిజినెస్ ఇంకొకటి. ఆదివారం మీ నాయనకు చెప్పిన "పిచ్చి గీతలు" మూడోది. ఈ మూడింటి భారాన్నీ నాలుగు పేజీల రిపోర్టు మీద పెడుతున్నావు. పెన్ను కదలకపోవడంలో వింత ఏముంది? నన్నడిగితే ఎక్కువ బాధపెడుతున్నది మూడోదే. కానీ ఉత్తరంలో దానికి ఒక్క లైనే ఇచ్చి, మ్యూజియం గురించి రెండు పేజీలు రాశావు.

ముందు అట్ట సంగతి చూద్దాం.

అది మీ నాయన రాతేనన్న నీ మాట నమ్ముతున్నాను. ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల ఆ వత్తును గుర్తుపట్టలేదంటేనే ఆశ్చర్యం. కానీ గుర్తుపట్టడం వేరు, నలుగురి ముందు నిలబెట్టడం వేరు. మీ ఊరి పని నీకు తెలియనిది కాదు. ఒక గుడ్డ మీద ఒక్క చెయ్యే పడాలని లేదు. చింతబరికల బొగ్గుతో గీత వేసేవారు ఒకరు, కసిమి అనే నల్లరంగులో ముంచిన కలంతో దాన్ని ఖాయం చేసేవారు ఒకరు, పటిక పూసి ఉడకబెట్టేవారు, స్వర్ణముఖిలో జాడించేవారు వేరే. గురువు దగ్గర నేర్చుకున్న కుర్రవాళ్లకు గురువు అక్షరాలే చేతికి వస్తాయి. కాబట్టి నీ దగ్గర ఉన్నది బలమైన అనుమానం. అది నిజమా కాదా చెప్పగలిగిన మనిషి ఒక్కరే, ఆయన్నేమో నువ్వు ఇంకా అడగలేదు.

ఇక ఒకే పేరు ఎందుకుంది? దీన్ని దొంగతనం అనేసే ముందు ఆ లోకంలో పేరు దేనికి పెడతారో కొంచెం తెలుసుకోవాలి. 1917లో న్యూయార్క్‌లో మార్సెల్ డుషాంప్ అనే ఫ్రెంచి కళాకారుడు మగవాళ్ల మూత్రశాలల్లో గోడకు బిగించే పింగాణీ తొట్టిని కొని, పడుకోబెట్టి, "ఆర్. మట్" అని సంతకం చేసి, "ఫౌంటెన్" అని పేరు పెట్టి ప్రదర్శనకు పంపాడు. వాళ్లు దాన్ని ప్రదర్శనలో పెట్టలేదు. అసలు తొట్టి పోయింది కూడా, ఇప్పుడు మ్యూజియాల్లో ఉన్నవి 1950, 60ల్లో చేయించిన నకళ్లు. అయినా గత శతాబ్దపు కళ గురించి ఎవరు రాసినా దాని పేరెత్తకుండా ముగించరు. దాన్ని తయారు చేసిన ఫ్యాక్టరీ మనిషి పేరు ఎవరూ అడగలేదు. ఎందుకంటే అక్కడ చూడమంటున్నది తొట్టిని కాదు, తొట్టిని తెచ్చి అక్కడ పెట్టిన ఆలోచనను. అట్ట మీద పేరు అప్పట్నుంచి ఆలోచన ఎవరిదో వాళ్లకే పోతోంది. ఈ పద్ధతి నచ్చని వాళ్లు చాలామంది ఉన్నారు, నాకూ అంతగా నచ్చదు. కానీ పద్ధతి అది.

మన తిరుపతికి దగ్గరగా తగిలే ఇంకో పని ఉంది. బెంగళూరు కళాకారిణి షీలా గౌడ 2009లో ఇటలీలో జరిగే పెద్ద అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బినాలేలో "బిహోల్డ్" అనే పని పెట్టారు. ఇప్పుడది లండన్ టేట్ మ్యూజియం సేకరణలో ఉంది. దాదాపు నాలుగు కిలోమీటర్ల పొడవున్న జుట్టు తాడు, దానికి వేలాడే కార్ల స్టీలు బంపర్లు. ఆ జుట్టు గుళ్లలో భక్తులు మొక్కు తీర్చుకుని ఇచ్చిన తలనీలాలు. దృష్టి తగలకుండా బండ్లకు ఆ తాళ్లు కడతారు కదా, అవే. కళ్యాణకట్ట చూసిన ఊరివాళ్లకు అది పరాయిగా అనిపించదు. అక్కడ జుట్టిచ్చినవాళ్ల పేర్లు రాయడం ఎవరి తరమూ కాదు, రాయమని ఎవరూ అడగరు కూడా. ఇచ్చినవాళ్లు పేరు కోసం ఇవ్వలేదు.

మీ నాయన పని ఈ రెండింటిలా లేదు. తొట్టి దుకాణంలో దొరికింది, తాడు బజారులో దొరికింది. తిన్నడి బొమ్మ అలా ఎక్కడా దొరకదు, దాన్ని ఒక మనిషి కూర్చుని వేయాలి. తుప్పు ఇనుము, బెల్లం వారాల తరబడి నానబెట్టి తీసిన కసిమి గుడ్డ మీద పడి, కరక్కాయ తగిలి నల్లబడ్డాక ఆ గీతను తుడవడం ఎవరి వల్లా కాదు. కన్ను కొస ఎక్కడ ఆపాలో ఆ క్షణాన చెయ్యే నిర్ణయించుకోవాలి. ఇంత చేసిన మనిషిని "సహజ రంగులు" అనే మాట కింద కలిపేస్తే, రంగు డబ్బాను, రంగు వేసినవాడిని ఒకే పద్దులో రాసినట్టు. సినిమాకు దర్శకుడే కర్త అంటాం, అయినా చివర్లో లైట్‌మెన్ పేర్లు కూడా పడతాయి కదా. ఆ మాత్రం చోటు అట్ట మీద ఉంటుంది. నీ కోపంలో ఇంతవరకు న్యాయం ఉంది.

మిగతాది కాస్త ఆలోచించు. డబ్బు ఇచ్చి పని చేయించుకున్నారు. సగంలో ఆపమని ముందే చెప్పారు. మీ నాయన ఇష్టపడే చేశాడు. ఆ ఆర్టిస్టుకు మీ నాయన పేరు తెలుసో లేదో కూడా మనకు తెలియదు. మధ్యలో షావుకారు ఉన్నాడు. "ఎవరు చేశారు?" అని ఆమె అడిగే ఉండొచ్చు, ఆయన "మా కార్ఖానాలో చేశారమ్మా" అని తేల్చేసి ఉండొచ్చు. లేదా అడగాలనే తట్టి ఉండదు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఏదో తెలియకుండా ఉత్తరం రాస్తే తప్పు మనిషిని నిలదీసినట్టవుతుంది.

అక్షరాలు తలకిందులుగా ఉండటం చూసి నీకు ఒళ్లు మండిందని రాశావు. నాకు మాత్రం ఆ సంగతి దగ్గరే ఆసక్తి పుట్టింది. కన్ను పెరికే చోట మాట తెగిపోయింది, గుడ్డ చీలింది, ఎర్రదారంతో కుట్టు పడింది. ఇది కావాలని చేసిందైతే గట్టి ఆలోచనే. తెలుగు రాకపోవడం వల్ల తిరగబడిందైతే, పైకి ఎంత బాగున్నా పొరపాటే. ఆ హాల్లో ఈ ప్రశ్న వేయగలిగింది నువ్వొక్కదానివే. మీ లెక్చరరు వేయలేడు, "ఇది ఆర్ట్" అన్న ఆ అమ్మాయీ వేయలేదు. ఈ మాట గుర్తుపెట్టుకో, రిపోర్టు దగ్గర పనికొస్తుంది.

ఇంకో ప్రశ్న, దీనికి నువ్వే జవాబు చూడాలి. మీ వసారాలో ఇప్పుడు ఆరుతున్న గుడ్డల మీద మీ నాయన పేరు ఎక్కడైనా ఉందా? లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన తీరం నుంచి పోయిన పాత కలంకారీ గుడ్డలున్నాయి. వాటి కింద ఉండేది కోరమండల్ తీరం, ఫలానా శతాబ్దం అనే. ఎవరు వేశారో రాయడానికి వాళ్ల దగ్గర ఆధారం లేదు. మీ ఊళ్లోనే పేరు నిలిచినవాళ్లూ ఉన్నారు. 1950ల్లో కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చాక ఆ విద్య మళ్లీ కాలూనుకుంది. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. మధ్యప్రదేశ్‌లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే గోండు కుర్రాడు ఇంటి గోడల మీద బొమ్మలు వేసేవాడు. చిత్రకారుడు జె. స్వామినాథన్ అతణ్ని భోపాల్‌లోని భారత్ భవన్ అనే కళాకేంద్రానికి తీసుకొచ్చారు. 1989లో పారిస్ ప్రదర్శనలో ఆ కుర్రాడి బొమ్మ అతని పేరుతోనే ఉంది. అంటే ఈ గోడ దాటలేనిదేమీ కాదు. ఒక్కోసారి అటువైపు వాళ్లు చెయ్యి అందించాలి, ఒక్కోసారి ఇటువైపు వాళ్లు గుడ్డ మూలన పేరు రాయడం మొదలుపెట్టాలి.

ఇప్పుడు నువ్వు అడిగిన అసలు ప్రశ్న, ఏది ముందు అని. నా మనసులో ఉన్నది చెబుతాను, నిర్ణయం నీది. ఆ అట్ట మీద పేరు ఉండాలా వద్దా అనేది మీ నాయన వ్యవహారం. రిపోర్టు నీ వ్యవహారం. ఆయన వ్యవహారంలో ఆయన్ను అడగకుండా అడుగు వేయకు. నీ దాంట్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ముందు మీ నాయనకు చెప్పడం గురించి. ఫోన్లో చెప్పకు. ఇంటికి పో. నువ్వు తీసిన ఫోటో చూపించు, మాటలు తర్వాత. "ఇది నీ పనేనా నాయనా?" అని అడిగి ఊరుకో. ఆయన ఏమంటాడో నేను చెప్పలేను. గర్వపడొచ్చు. "అట్టా చించి కుట్టినారా!" అని పగలబడి నవ్వొచ్చు. బొమ్మను చీల్చినందుకు, అదీ తిన్నడి బొమ్మను, నొచ్చుకోవచ్చు. "డబ్బులిచ్చినారు, అయిపాయె, మనకెందుకు మా?" అనొచ్చు. ఈ చివరి మాట వస్తే నీకు ఒళ్లు మండుతుంది, ముందే చెబుతున్నాను. అప్పుడు ఆయనకు ఆత్మగౌరవం లేదని అనుకోకు. ఏడాది పొడవునా పని అందాలని చూసుకునేవాడి లెక్కలో ఒక అట్ట కంటే షావుకారుతో మాట పట్టింపు లేకుండా ఉండటం పెద్దది. అది పిరికితనం అనే హక్కు నీకు లేదు, ఆ డబ్బుతోనే నీ హాస్టల్ ఫీజు కట్టాడు.

"పిచ్చి గీతలు" అన్నదాని గురించి విడిగా క్షమాపణ సభ పెట్టనక్కర్లేదు. ఫోటో చూపించి, "ఆరోజు నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు" అంటే చాలు. ఆయనకు అర్థమవుతుంది. అర్థం కాకపోయినా, నీ గుండెల మీంచి ఆ మాట దిగిపోతుంది.

చెప్పకుండా ఉండిపోతే? అదీ ఒక దారే. మీ అక్క చెప్పింది తెలివితక్కువ మాట కాదు. ఆమెకు ఇంటి ఖర్చు తెలుసు. కానీ ఈ రహస్యం నీ ఒక్కదానిదైతే దాచుకోవచ్చు. ఇది ఆయన గురించిన సంగతి, ఆయనకు తప్ప ఇద్దరు కూతుళ్లకూ తెలుసు. రేపు ఎవరో యాత్రికుడు ఆ ఫోటో తెచ్చి "ఇది మీ పనిలా ఉందే" అంటే, నువ్వు ముందే చూశావన్నది కూడా బయటపడుతుంది. అప్పుడు అట్ట కంటే ఎక్కువగా అదే ఆయన్ను నొప్పిస్తుంది.

ఆయన "అడుగు మా, పోయేదేముంది" అంటే మ్యూజియానికి రాయొచ్చు. మెయిల్ చిన్నగా ఉండాలి. ఫలానా గదిలో ఫలానా పనిలోని కలంకారీ గీతలు, తెలుగు రాత శ్రీకాళహస్తిలో ఫలానా వారు వేసినవని మేము అనుకుంటున్నాం, ఆర్టిస్టును అడిగి నిర్ధారించగలరా, నిజమైతే అట్ట మీద ఆ పేరు చేర్చగలరా. ఇంతే. "దోపిడీ" లాంటి మాటలు మొదటి ఉత్తరంలో వద్దు. అక్షరాలు తలకిందులుగా ఉన్నాయన్న సంగతి కూడా ఒక వాక్యంలో చెప్పు, అది చూస్తే అవతలివాళ్లు తప్పకుండా లేచి కూర్చుంటారు. పాత ఆర్డరు చీటీ, ఆ రోజుల్లో మీ నాయన ఫోన్లో తీసుకున్న ఫోటోలు దొరికితే జతచెయ్. జవాబు రాకపోవచ్చు. వచ్చి "ఆర్టిస్టుకు పంపాం" అని ఆగిపోవచ్చు. అట్ట మారొచ్చు కూడా, ఎందుకంటే పనివాళ్ల పేర్లు రాసే అలవాటు ఇప్పుడిప్పుడే కొన్ని చోట్ల మొదలైంది. ఏది జరిగినా ఈ సంగతి షావుకారు దాకా వెళ్లే అవకాశం ఉంది. అందుకే మెయిల్ పెట్టే ముందు మీ నాయనే ఆయన చెవిన ఒక మాట వేస్తే మంచిది. ఎవరో చెబితే తెలియడం కన్నా అది నయం.

చట్టం గురించి కూడా అడిగావు. తన హక్కులు అమ్ముకున్నా, కృతికి కర్తను నేనే అని చెప్పుకునే హక్కు కర్తకు మిగులుతుందని 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ అంటుంది. కానీ ఇలా ఇద్దరి చేతులు పడ్డ పనిలో కర్త ఎవరన్నదే మొదటి పేచీ అవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది నిజమే, అది కాపాడేది ఊరి విద్య పేరును. ఒక మనిషి వేసిన ఒక బొమ్మకు అది అక్కరకు రాదు. మర్యాదగా అడిగితే అయ్యే పనికి లాయరు దగ్గరికి పోతే ఖర్చు మీది, ఆలస్యం మీది.

ఒక్క పని మాత్రం చేయొద్దని గట్టిగానే చెబుతాను. ఆ అట్ట, మీ నాయన ఫోటో పక్కపక్కన పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో వేయకు. అరగంటలో నీ చేతులు దాటిపోతుంది. ఆ ఆర్టిస్టును తిట్టేవాళ్లు తిడతారు, మీ నాయన మీద జాలిపడేవాళ్లు జాలిపడతారు, రెండు రోజుల తర్వాత అందరూ ఇంకోదాని మీద పడతారు. షావుకారు మాత్రం మర్చిపోడు. మీ నాయనకు కావలసింది జాలి కాదని నీకు నేను చెప్పాలా?

రిపోర్టుకు వద్దాం. ఇది రెండు రకాలుగా రాయొచ్చు. మొదటిది, చూసిన మనిషిగా. గుడ్డ ఎలా ఉంది, గీత ఎలా పడుతుంది, ఆ నలుపు ఎలా వస్తుంది, తిన్నడి కథ ఏమిటి, తెగిపోయిన మాట ఏమిటి, అక్షరాలు ఎందుకు తిరగబడ్డాయి, అట్ట మీద ఎవరి పేరుంది, ఎవరిది లేదు. ఇందులో "మా నాయన" అన్న మాటే రానక్కర్లేదు. శ్రీకాళహస్తి పిల్లను కాబట్టి తెలుసు అంటే సరిపోతుంది. అందులో అబద్ధం లేదు. దీనికి మంచి మార్కులు రావడం ఖాయం, ఎందుకంటే క్లాసులో మిగతా వాళ్లంతా ఇంటర్నెట్‌లోంచి దింపి ఇస్తారు. నష్టం ఒకటే, చదివేటప్పుడు ఆ మాట నీ గొంతు దాకా వచ్చి ఆగిపోతుంది.

రెండోది కూతురిగా. అందులో నోటుబుక్కు అట్ట మీది "న్న" వత్తు వస్తుంది, సగం పనికి పూర్తి డబ్బులన్న తమాషా వస్తుంది. ఇది గొప్ప రిపోర్టు అవుతుంది. కానీ మీ నాయనతో మాట్లాడకుండా దీన్ని క్లాసులో చదవకు. ఆయనకు తెలియని సంగతి అరవై మందికి తెలియడం బాగోదు. పైగా చదివాక ప్రశ్నలు వస్తాయి. ఎవరో "ఎంత ఇచ్చారు?" అని అడుగుతారు. ఇంకెవరో "మరి బిజినెస్ అన్నావు కదా?" అని తప్పకుండా అంటారు. దానికి పొడుగు సంజాయిషీ ఇవ్వకు. "అవును, అప్పుడు చెప్పడానికి సిగ్గుపడ్డాను" అని ఆగిపో. ఆ తర్వాత వాళ్లకు అనడానికి ఏమీ మిగలదు. అదే సంగతి నలుగురి ముందు కాకుండా, ఆ గుడి బయట అమ్ముతారన్న స్నేహితురాలికి ముందే ఒక సాయంత్రం చెప్పేస్తే ఇంకా సులువు. ఆమె మాటలో వెక్కిరింపు నాకు కనిపించలేదు. మీ ఊరి పనిని ఆ హాల్లో గుర్తుపట్టిన రెండో మనిషి ఆమే.

ఇదంతా ఒక కొలిక్కి వచ్చాక, వీలుంటే మీ నాయన్ను ఒకసారి మద్రాసు దగ్గరి చోళమండలానికి తీసుకుపో. తిరుపతి నుంచి పొద్దున రైలెక్కితే రాత్రికి తిరిగి రావచ్చు. 1966లో కె.సి.ఎస్. పణికర్, ఆయన దగ్గర చదువుకున్న కళాకారులు కలిసి కట్టుకున్న ఊరది. బొమ్మలు అమ్ముడుపోని రోజుల్లో వాళ్లు బాతిక్ గుడ్డలు (మైనం పూసి రంగులద్దినవి), చేతిపని వస్తువులు చేసి అమ్మి, ఆ డబ్బుతో కళాకారులుగా బతికారు. "అవి చీప్, ఇది ఆర్ట్" అన్న మాట అక్కడ నిలవదు. ఇప్పుడు అక్కడ వాళ్ల పనులతో మ్యూజియం ఉంది. మీ నాయన ఏ బొమ్మ ముందు ఆగుతాడో, దేన్ని చూసి పెదవి విరుస్తాడో పక్కన నిలబడి చూడు. నాకైతే ఏ విమర్శకుడి వ్యాసం కన్నా అది వినాలనుంది.

రిపోర్టు ఎప్పటికి ఇవ్వాలో నువ్వు రాయలేదు. ఈ వారంలోనే అయితే సార్‌ను అడిగి సోమవారం దాకా గడువు తీసుకో, శనివారం కాళహస్తి బస్సెక్కు. గడువు ఇవ్వనంటే మొదటి రకం రాసి ఇచ్చేయ్. రెండోది తర్వాత రాసి నాకు పంపినా సంతోషమే, మీ నాయన సరేనంటేనే.